మరదలి పేరున నమస్కారాలు

విజయనగరం,
12 ఫిబ్రవరి 2025

బావకి శ్యామల రాయునది.

చెవికి పెట్టించిన మిషను ఈల వేస్తోందని తీసి దేవుడి గూట్లో పెట్టేశావట, అక్క చెప్పింది. నిన్న నీతో ఫోన్లో మాట్లాడదామని అరిచాను. పక్క వాటా వాళ్ళు పరుగెత్తుకొచ్చి ఎవరికేమైందని అడిగారు. నువ్వు మాత్రం తాపీగా "ఆఁ, భోజనాలయ్యాయి" అని పెట్టేశావు. అందుకని ఇన్‌లాండు కవర్లు తెప్పించాను. ఇకమీదట మనిద్దరికీ ఇదే ఫోను.

సంగతేమిటంటే, పోయిన నెల వరండాలో జారి పడ్డాను. ఎముకలు విరగలేదు. డాక్టరమ్మ ఫొటోలు తీయించి, ఈ వయసుకి ఎముకలు బాగానే ఉన్నాయంది. "మీరు పడింది ఒక్కసారే, కానీ నడవడం మాత్రం ఇప్పుడే పడబోతున్నట్టు నడుస్తున్నారు" అని కూడా అంది. చిన్నపిల్ల, పెళ్ళి కూడా కాలేదు, మాటలు మాత్రం నీలాగే ఉన్నాయి. మందు బిళ్ళలు రాస్తుందనుకుంటే యోగా రాసింది. ఊపిరి పీల్చడం, వదలడం, ఒంటికాలి మీద నిలబడడం, కళ్ళు మూసుకుని ధ్యానం. అన్నిటికన్నా పైన సూర్య నమస్కారాలు. పెద్దవాళ్ళు కుర్చీ పట్టుకుని మెల్లగా చెయ్యవచ్చుట.

ఆ మాట వినగానే నవ్వొచ్చింది, నువ్వు గుర్తొచ్చావు. నలభై ఏళ్ళు సూర్యుడి మంత్రాలు, అదే అరుణం చదువుతూ, అందులో ఒక్కో పనస కాగానే సూర్యుడికి సాష్టాంగం చేసి లేస్తూ, ఎవరెవరి కామెర్లకో కళ్ళ జబ్బులకో వాళ్ళ పేరున నమస్కారాలు చేసిపెట్టావు. వాళ్ళు ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతుంటే ఫలం ఇంటికి చేరింది. వాళ్ళకి చేరినది నాకెందుకు చేరదు? ఇంట్లో ఇంత అనుభవం ఉన్న మనిషిని పెట్టుకుని నేను వంగి లేవడమేమిటి? రేపటి నుంచి నా పేరున నువ్వు మొదలుపెట్టు.

వేళాకోళం కాదు బావా. వచ్చే దసరాల్లో సరస్వతీ పూజ నాడు మా ఆమని మొదటి కచేరీ. చిన్నప్పటి నుంచి నా దగ్గరే వీణ నేర్చుకుంది. శిష్యురాలి మొదటి కచేరీలో గురువు పక్కనే నేల మీద కూర్చుని మొదటి వర్ణం కలిసి వాయించడం మా ఆచారం. మా మాస్టారు నాకలాగే చేశారు. ఇప్పుడేమో నేను నేల మీద కూర్చోలేను. కూర్చుంటే లేవలేను. శ్రీనాథ్ నా కొడుకై ఉండి కూడా "వేదిక మీద కుర్చీ వేయిద్దామమ్మా" అన్నాడు. కుర్చీలో కూర్చుని వీణ వాయించే గురువుని చూసి ఆమని ఏమీ అనదు. నేనే నన్ను అనుకుంటాను.

అక్కకి నేను పడ్డ సంగతి చెప్పకు. చెబితే నీకు చెప్పేంత గట్టిగా ఊరంతా చెబుతుంది.

నమస్కారాలతో (ఇదొక్కటి నేనే చేస్తున్నాను),
శ్యామల


అరసవల్లి,
20 ఫిబ్రవరి 2025

చిరంజీవి శ్యామలకి బావ ఆశీస్సులు.

పోస్టుమాన్ అసిరయ్య బ్యాంకు నోటీసు కాకుండా ఇంకోటి పట్టుకుని మా వీధిలోకి వచ్చి చాలా కాలమైంది. నీ ఉత్తరం ఇస్తూ, ఎవరైనా పోయారా అని మీ అక్కని అడిగాడట. మీ అక్క లాక్కుని ముందు తనే చదివింది. కాబట్టి నువ్వు పడ్డ సంగతి దానికి నేను చెప్పలేదు, నువ్వే చెప్పావు.

నీ కోరిక విని గర్వపడ్డాను. మోకాళ్ళు మొరాయిస్తున్నాయని రెండేళ్ళ క్రితం ఈ పని మానేశాను. పొద్దున్నే లేవగానే తల తిరుగుతుంది. ఎవరైనా వచ్చి అడిగితే మీ అక్కే గుమ్మంలో నిలబడి, ఆయన మానేశారని చెప్పి పంపించేస్తోంది. చేసేది లేక అరుగు మీద కూర్చుని గుడికి వెళ్ళే ఆటోలు చూస్తున్నాను. నువ్వడిగాక ఇంకా కూర్చుంటే నేనెందుకు?

ఆదివారం మడి కట్టుకుని పెరట్లో తూర్పుకి నిలబడ్డాను. సంకల్పం చెప్పాను. మొదటి సాష్టాంగం చేశాను. చేశాను గాని లేవలేదు. ఆకాశం వైపు కాకుండా నేల వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించాను. మీ అక్క చెంబు పట్టుకుని వచ్చి, "ఇది సాష్టాంగమా, స్థిరనివాసమా?" అని అడిగింది. పెద్దగా అడిగింది గనక వినబడింది. నూతి గట్టు పట్టుకుని లేచాను. ఆ రోజుకి మూడు చేసి ఆపాను. మర్నాడు ఇంకొకటి కలిపాను.

ధ్యానం సంగతి నా దగ్గర ఎత్తకు. మీ అక్క మాట్లాడుతూ ఉండగా నిశ్చలంగా కూర్చోవడం నేను పెళ్ళైన దగ్గర్నుంచి అభ్యాసం చేస్తున్నాను. చెవులు పోయాక అది సిద్ధించింది.

నువ్వు చెయ్యవలసింది ఏమీ లేదు. తూర్పు వైపు తిరిగి కాఫీ తాగు, చాలు.

నీ బావ,
వేంకటాచలం


విజయనగరం,
3 ఏప్రిల్ 2025

బావకి శ్యామల నమస్కారాలు.

పని చేస్తోంది బావా. నీ మంత్రానికి ఇంత పదునుందని తెలిస్తే ఎప్పుడో పడి ఉండేదాన్ని.

డాక్టరమ్మ మళ్ళీ పిలిచి చేస్తున్నారా అని అడిగింది. అరసవల్లిలో మా బావ చేస్తున్నాడంటే తెల్లబోయి చూసింది. ఆవిడ మనసు కష్టపెట్టడమెందుకని అయ్యకోనేరు దగ్గర పెద్దవాళ్ళకి జరిగే యోగా క్లాసుకి వెళ్తున్నాను. చెయ్యడానికి కాదు, చూడ్డానికి. నేర్పే పిల్ల పేరు విశాలి. కొత్తవలస నుంచి పొద్దున్న రైలుకి వస్తుంది. నాకు గోడ వారగా ఒక కుర్చీ వేసింది. అందరూ చేతులెత్తుతుంటే నేనొక్కదాన్నీ పెళ్ళికొచ్చినట్టు కూర్చుంటే బాగుండదని నేనూ ఎత్తుతాను. వాళ్ళు లేచి నిలబడితే నేనూ కుర్చీ పట్టుకుని లేస్తాను. అంతకన్నా ఏమీ చెయ్యను.

ఆఖర్న అందరినీ పడుకోబెట్టి ఒళ్ళు వదిలేయమంటుంది. మా గణపతిరావు గారని రిటైరైన తహసీల్దారు ఉన్నారు, ఆయన చాప మీద వెన్ను ఆనగానే గురక. మొదటి రోజు విశాలి మురిసిపోయి, ఇంత తొందరగా ధ్యానంలోకి ఎవరూ వెళ్ళలేదని మెచ్చుకుంది. ఆ గురక వినాలి నువ్వు. శ్రుతి తప్పదు.

ధ్యానంలో ఏ ఆలోచన వచ్చినా రానివ్వండి, పోనివ్వండి అంటుంది. నాకు రోజూ ఒకటే వస్తోంది. శ్రీనాథ్ ఒడుగుకి వచ్చినప్పుడు అక్క తీసుకెళ్ళిన మా ఇత్తడి గుండిగ. కళ్ళు మూసుకోగానే తళతళమంటూ కనబడుతుంది. రానిస్తున్నాను గాని పోవడం లేదు. అక్కని ఒకసారి అటక మీద చూడమను.

అసలు సంగతికి వస్తాను. ఉగాది నుంచి నీ ఫలం జోరుగా అందుతోంది. రాత్రి పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రావడం లేదు. కమ్మీ పట్టుకోకుండా మేడెక్కాను. మొన్న పీట వేసుకుని కూర్చుని వీణ ఒళ్ళోకి తీసుకున్నాను కూడా. పీట నుంచి నేలకి జానెడే దూరం. ఈ పండుగ నుంచి నువ్వు గాని నమస్కారాలు పెంచావా? ఎన్ని చేస్తున్నావో అన్నీ చెయ్యి, ఆపకు. ఇంకా కడుతూనే ఉన్న భోగాపురం విమానాశ్రయం కన్నా ముందు నా మోకాలే తెరుచుకునేట్టుంది.

ఇట్లు,
శ్యామల


అరసవల్లి,
4 ఏప్రిల్ 2025

చిరంజీవి శ్యామలకి ఆశీస్సులు.

ఒక మాట చెప్పాలి. కోప్పడకుండా చదువు.

నీ పేరున మొదలుపెట్టిన దగ్గర్నుంచి నాకు బాగవుతోంది. పొద్దున్న తల తిరగడం పోయింది. మోకాలి నొప్పి ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తోంది. పోయిన నెల శ్రీకాకుళంలో డాక్టరు బీపీ చూసి, మిషను తప్పు చూపిస్తోందేమోనని రెండో మిషను తెప్పించాడు. అదీ అదే చెప్పింది. బిళ్ళ సగం చెయ్యమన్నాడు. పూర్తిగా మానేస్తానంటే మాత్రం కసిరాడు. ఏం చేస్తున్నారని అడిగితే, నా మరదలి మోకాలి కోసం నమస్కారాలు చేస్తున్నానని చెప్పాను. మరదలిగారికి ఎలా ఉందన్నాడు. తెలియదన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నలభై ఏళ్ళు ఎవరెవరి పేరునో చేశాను. ఆ రోజుల్లో నాకు జలుబు కూడా చెయ్యలేదు. ఇన్నాళ్ళూ అది నా ఒంటి తత్వమనుకున్నాను. ఇప్పుడు అనుమానం వస్తోంది, వాళ్ళందరి ఫలం నేనే తినేశానా అని. వాళ్ళని ఇప్పుడు ఎక్కడని వెతకను? నీది మాత్రం తినడం నాకిష్టం లేదు. నీకు నేల మీద కూర్చోవాలని ఉంది. అది నాకొచ్చేస్తే నేనేం చేసుకోను, నాకు వీణ రాదు కదా.

అందుకని ఉగాదికి వారం ముందే ఆపేశాను. ఇకమీదట ఎవరైనా నిష్ఠగలవాణ్ణి చూసి చేయించుకో.

మళ్ళీ అరుగు మీదే కూర్చుంటున్నాను. ఆటోలు ఎక్కువయ్యాయి.

నీ బావ


విజయనగరం,
11 ఏప్రిల్ 2025

బావకి,

నమస్కారాలు లేవు. ఉన్నవి నువ్వే ఆపేశావు కదా.

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నేను నీ ఫలం జోరుగా వస్తోందని రాసిన రోజుకి నువ్వు ఆపేసి పది రోజులు దాటింది. మరి నేను మేడెక్కిందెలాగ? ఎవరు ఎక్కించారు? ఆ ప్రశ్న వేసుకుని మెట్ల దగ్గర నిలబడితే కాలు కదల్లేదు బావా. ముందు రోజు దాకా ఎక్కిన మెట్లే. వెనక్కి తిరిగి వచ్చి మంచం మీద కూర్చున్నాను. పీట మళ్ళీ మంచం కింద పెట్టించాను.

అక్క చదువుతుందని తెలిసీ ఒక సంగతి రాస్తున్నాను. చదవనీ. ఆ రోజు వరండాలో పడ్డప్పుడు నాకు పెద్దగా దెబ్బ తగల్లేదు. కానీ లేవలేకపోయాను. కోడలు పుట్టింటికి వెళ్ళింది. శ్రీనాథ్ ఆఫీసు నుంచి వచ్చేదాకా అక్కడే ఉన్నాను. పాలవాడు గేటు దగ్గర పిలిచి వెళ్ళిపోయాడు. పిలుపు వినబడింది, సిగ్గేసి పలకలేదు. శ్రీనాథ్ వచ్చాక ఇప్పుడే పడ్డానురా అని చెప్పాను. పడడం నాకు భయం కాదు. నేల మీద ఉండిపోవడం భయం. వీణ పట్టుకుని నేల మీదే బతికినదాన్ని, నాకిప్పుడు నేలంటే భయంగా ఉంది. వేదిక మీద వర్ణం అయ్యాక అందరూ చూస్తుండగా లేవలేకపోతే, ఇద్దరు చంకలో చేతులు వేసి లేపుతుంటే, అది ఆమనికి గుర్తుండిపోతుంది. దాని మొదటి కచేరీ అలా గుర్తుండడం నాకిష్టం లేదు.

ఇప్పుడు తిట్టే పని. ఫలం దారి తప్పిందంటే ఎక్కడో సంకల్పంలోనే తప్పు జరిగింది. నా గోత్రం ఏమని చెప్పావు? దాచకుండా రాయి.

శ్యామల


అరసవల్లి,
20 ఏప్రిల్ 2025

చిరంజీవి శ్యామలకి,

నీ ఉత్తరం రెండుసార్లు పైకి చదివాను. పాలవాడి దగ్గరకి వచ్చేసరికి మీ అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట మాట్లాడలేదు. నాకు వినబడకపోవడం కాదు, నిజంగానే మాట్లాడలేదు.

గోత్రం హరితస అని చెప్పాను.

ఎందుకు చెప్పానంటావా? నేను నిన్ను మొదట చూసేటప్పటికి నువ్వు గౌను వేసుకుని మీ నాన్నగారి పడక్కుర్చీ కింద దాక్కున్నావు. నాకు నువ్వు ఆయన కూతురివే. నీకు పెళ్ళై గోత్రం కౌశికస అయిన సంగతి తెలియక కాదు, పెళ్ళిలో భోజనం కూడా చేశాను. పెరట్లో నిలబడి శ్యామల అనేసరికి నోటికి ఆ పాతదే వచ్చింది. పురోహితుణ్ణై ఉండి చెయ్యకూడని తప్పు.

నీ బావ

(దీని కింద అక్క చేతి రాత)

ఒసే శ్యామలా, ఏటే ఇది? పాలవాడు పిలిస్తే పలకడానికి సిగ్గేటి? ఆయన నీ ఫలం తినేశాడని కుమిలిపోతన్నాడు, అన్నం సరిగ్గా తినడం లేదు. గుండిగ నా దగ్గర లేదు. ఆ గణపతిరావెవరో కూడా రాయి.


విజయనగరం,
2 మే 2025

బావకీ అక్కకీ శ్యామల నమస్కారాలు.

అంతా అర్థమైపోయింది. ఉత్తరం మీద అడ్రసు తప్పు రాస్తే ఏమవుతుంది? రాసినవాడి దగ్గరికే తిరిగి వస్తుంది. నువ్వు పెళ్ళికాని శ్యామల పేరున పంపావు. ఆ శ్యామల ఇప్పుడెక్కడుంది? కాబట్టి నీకే తిరిగొచ్చింది. దొంగతనం కాదు. హాయిగా అన్నం తిను.

ఇంకో సంగతి కూడా తట్టింది. అడ్రసు మాట ఎలా ఉన్నా, నువ్వు నా పేరున చేస్తే నీకు బాగైంది. అలాగైతే నేను నీ పేరున చేస్తే నాకు బాగవ్వాలి. న్యాయం అదే కదా? నా కోసం నేను చేసుకోవాలంటే నాకు బద్ధకం, పైగా భయం. నీ చెవుల కోసమైతే చెయ్యగలను. నువ్వు కౌశికస గోత్రం పెట్టి మళ్ళీ మొదలుపెట్టు.

సోమవారం క్లాసులో గోడ వారగా ఉన్న కుర్చీ మధ్యకి లాగాను. భారద్వాజస గోత్రం, వేంకటాచలం, చెవుల నిమిత్తం అని పైకే అన్నాను. కుర్చీ వీపు పట్టుకుని వంగాను. విశాలి అదేమిటని అడిగితే మన కథంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా మోకాలి మీద చెయ్యి వేసి, "బయిం మోకాల్లో నేదమ్మా, కళ్ళల్లో ఉన్నాది. మీ బావగోరి పేరు సెప్పినప్పుడు కళ్ళు కిందకి సూడనేదు మీరు. రోజూ ఆ పేరే సెప్పండి" అంది.

ఇప్పుడు క్లాసంతా ఇదే వరస పట్టింది. ఎవరి కోసం వాళ్ళు చెయ్యడం మానేశారు. గణపతిరావు గారు పార్వతీపురంలో ఉన్న తమ్ముడి పేరున చేస్తున్నారు. ఆ తమ్ముడితో గట్టు తగాదా, కోర్టులో ఉంది. శత్రువు కోసం చేస్తున్నారే అంటే, "వాడికి ఆయుష్షు ఉండాలమ్మా, లేకపోతే నేను కేసు ఎవరి మీద నడపను?" అన్నారు. ఆయన సంగతి అక్కకి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

గుండిగ అటక మీద ఎడం వైపు ఉంది. ధ్యానంలో అటక కూడా కనబడింది.

నీ చెవులు ఎలా ఉన్నాయో రాయి.

శ్యామల


అరసవల్లి,
25 జూన్ 2025

చిరంజీవి శ్యామలకి ఆశీస్సులు.

చెవులు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. నిన్న మీ అక్క వెనక నుంచి పిలిచి పిలిచి, వంకాయ విసిరింది. వంకాయ తగిలింది, పిలుపు వినబడలేదు. నిన్ను తప్పుపట్టడం లేదు. నా గోత్రం నువ్వు సరిగ్గానే చెప్పావు. డాక్టరు చూసి, ఏ ఆసనానికీ ఇవి తిరిగి రావు, దేవుడి గూట్లోంచి మిషను తీసి పెట్టుకోండి అన్నాడు. ఈల వేస్తోందని చెప్పాను. అలవాటు చేసుకోవాలన్నాడు. ఆలోచిస్తాను.

నేను రోజూ కౌశికస గోత్రం అనే చెబుతున్నాను. అయినా బాగు నాకే అవుతోంది. యోగా డే నాడు మా వీధి చివర పెద్దవాళ్ళంతా చాపలు పరిచి చేస్తుంటే, మీ అక్క నన్ను తీసుకెళ్ళి వాళ్ళ ముందు నిలబెట్టింది. నా సాష్టాంగం చూసి వాళ్ళు, సార్ ఇది ఎక్కడ నేర్చుకున్నారని అడిగారు. మా నాన్నగారి దగ్గరన్నాను. సర్టిఫికెట్ ఉందా అన్నారు.

మీ అక్కని కూడా చెయ్యమన్నాను. "పొద్దున్న లేచి వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, నూతిలో నీళ్ళు తోడి, నువ్వు పారేసిన తుండు వంగి తీసి ఆరేస్తే అవి ఏ నమస్కారాలు?" అంది. తుండు ఇప్పుడు నేనే ఆరేస్తున్నాను.

నువ్వెంతదాకా వచ్చావో రాయలేదు. నేల దాకా వచ్చావా?

నీ బావ

తా.క. గుండిగ అటక మీద ఎడం వైపు లేదట. కుడి వైపు ఉందట.


విజయనగరం,
14 సెప్టెంబరు 2025

బావకీ అక్కకీ నమస్కారాలు.

వచ్చాను బావా. పీట మీద నుంచి మడతపెట్టిన దుప్పటి మీదకి, దుప్పటి మీద నుంచి చాప మీదకి. ఆమని ఎదురుగా కూర్చుని ఇద్దరం వర్ణం మొదటి నుంచి చివరిదాకా వాయించాం. చాలా కాలానికి వీణ ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుంటే ఏడుపొచ్చింది. మెట్టు తప్పుతోందని ఆమనిని తిట్టి సర్దుకున్నాను. పాపం అది తప్పలేదు.

దిగడం వచ్చింది. లేవడం ఇంకా ఒక్కోరోజు వస్తుంది, ఒక్కోరోజు రాదు. ఇంట్లో అయితే లేస్తాను. ఎవరైనా చూస్తుంటే కాళ్ళు కట్టేసినట్టవుతుంది. మొన్న క్లాసులో చాప మీద నుంచి లేవబోతే వరండా గుర్తొచ్చింది. అక్కడే ఉండిపోయాను. విశాలి చెయ్యి ఇవ్వబోయి ఆగి, పక్కనే తనూ కింద కూర్చుంది. ఊపిరి మెల్లగా వదిలి, నీ గోత్రం చెప్పుకుని, పక్కకి ఒరిగి, అరచెయ్యి ఆనించి లేచాను. గణపతిరావు గారు చప్పట్లు కొట్టారు. అంటే ఆ వేళ మెలకువగానే ఉన్నారన్నమాట.

కచేరీ కమిటీ వాళ్ళు వేదిక మీద కుర్చీ వేయిస్తామన్నారు. మంచివాళ్ళే, నా మీద గౌరవంతోనే అన్నారు. వద్దన్నాను. శ్రీనాథ్ వేదిక పక్కనే నిలబడి ఉంటానన్నాడు. ఉండు గాని, నేను పిలిస్తే తప్ప రావద్దన్నాను. ఇన్నీ అన్నాక రాత్రి ఒక్కదాన్నీ కూర్చుని, ఆ రోజు కాలు కట్టేస్తే ఏం చెయ్యాలని భయపడుతున్నాను. ఈ భయం ఇంకెవరికీ చెప్పలేదు.

మీరిద్దరూ రండి. నీకు ఒక్క స్వరం వినబడదని తెలుసు. అయినా ముందు వరుసలో కూర్చో. నాకు కనబడేట్టు కూర్చో.

అక్క చేతులూపుకుంటూ రావద్దని చెప్పు. ఏం తేవాలో తనకి తెలుసు.

శ్యామల


అరసవల్లి,
2 అక్టోబరు 2025

చిరంజీవి శ్యామలకి బావ ఆశీస్సులు.

క్షేమంగా చేరాం. బస్సులో మీ అక్క ఒళ్ళో గుండిగ లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో దానికి తెలియలేదు. నీ ధ్యానంలో ఇక అది కనబడదు గనక ఇంకేదైనా మంచి సంగతి కనబడాలని కోరుకుంటోంది. గణపతిరావు గారిని కూడా చూశాం. మీ అక్క ఆయన్ని పైనుంచి కిందికి చూసి, భయపడవలసినదేమీ లేదంది.

అందరూ నిన్ను కచేరీ గురించి పొగిడి ఉంటారు. నేను పొగడలేను. బయల్దేరేటప్పుడు మీ అక్క మాట కాదనలేక చెవిమిషను పెట్టుకున్నాను. మీ ఆమని శ్రుతి సరిచూసుకుంటుండగానే అది ఈల మొదలెట్టింది. వీణల్లో కలిసిపోతుందని తీసి జేబులో వేసుకున్నాను. కాబట్టి నాకు నీ వర్ణం వినబడలేదు. నీ వేళ్ళు చూశాను. పక్కన ఆ పిల్ల వేళ్ళు చూశాను. రెండూ ఒక్కలాగే నడిచాయి. ఆమని మధ్యలో నీ వైపు చూసి నవ్వింది. అంతవరకే నాకు తెలిసిన సంగీతం.

కానీ నేను చూసింది ఇంకొకటి ఉంది. అది అక్కడున్న వాళ్ళెవరికీ తెలియదు.

వర్ణం అయింది. చప్పట్లు కొట్టారు, చేతులు కదిలాయి గనక తెలిసింది. నువ్వు వీణ పక్కన పెట్టావు. లేవలేదు. జనం చప్పట్లు ఆపేశారు. నువ్వింకా లేవలేదు. శ్రీనాథ్ ఒక అడుగు ముందుకేశాడు, నువ్వు తల అడ్డంగా ఊపావు. ఆ క్షణంలో నువ్వు వేదిక మీద లేవని, ఆ వరండాలో ఉన్నావని నాకు తెలుసు. నాకు లేచి పరుగెత్తి రావాలనిపించింది. మీ అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు నువ్వు నా వైపు చూశావు. నీ పెదవులు కదిలాయి. చెవులు పోయాక పెదవులు చదవడం నాకు బాగా అలవాటైంది. భారద్వాజస అన్నావు. వేంకటాచలం అన్నావు. పక్కకి ఒరిగి అరచెయ్యి ఆనించావు. ఒక మోకాలు, తరువాత రెండోది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడ్డావు. ఆమని నీ కాళ్ళకి దణ్ణం పెట్టింది.

నేను ఏడ్చాను శ్యామలా. పక్కనున్నాయన సంగీతానికనుకుని నా భుజం తట్టాడు.

నలభై ఏళ్ళు ఎవరెవరి పేరునో నేల మీద పడి లేచాను. ఎవరి పేరు చెబితే వాళ్ళు ఇంట్లో ఉండేవారు, నేను పెరట్లో ఉండేవాణ్ణి. నా పేరున ఒక మనిషి నేల మీద నుంచి లేవడం ఇన్నేళ్ళకి మొన్ననే చూశాను.

నీ బావ,
వేంకటాచలం